రూటర్ వేలిముద్ర

ఎనిమిదిన్నర అయింది. ఒక్క కంప్యూటర్‌కీ నెట్ లేదు.

చైతన్యపురి మెట్రో స్టేషన్ ఎదురు సందులో ఆన్‌లైన్ పరీక్షల సెంటర్ అది. తొమ్మిదింటికి పరీక్ష. మీర్‌పేట్ నుంచి, కర్మన్‌ఘాట్ నుంచి వచ్చిన రెండు వందల మంది పిల్లలు గేటు దగ్గర వేలిముద్ర వేసి లోపలికి వస్తున్నారు.

పరీక్ష ఆగితే సెంటర్ పోతుంది. దాంతోపాటు, ఆరు నెలల కింద నెట్‌వర్క్ పనికి చేరిన ప్రణీత్ ఉద్యోగమూ పోతుంది.

నల్లటి తెర తెరిచి, కంప్యూటర్లన్నిటికీ నెట్ పంచే రూటర్‌లోకి లాగిన్ అయ్యే కమాండ్ టకటకా కొట్టాడు.

'దీని వేలిముద్ర మారింది, ఇది మీకు తెలిసిన రూటర్ కాకపోవచ్చు' అని తెర హెచ్చరించింది.

అలాంటివి చదువుతూ కూర్చునే రకం కాదు ప్రణీత్. కంప్యూటర్ దాచుకున్న పాత గుర్తు చెరిపేశాడు. పొడుగాటి అక్షరాల వరసగా కొత్త వేలిముద్ర చూపించి సరేనా అని అడిగితే, చూడకుండానే 'ఎస్' కొట్టాడు.

పాస్‌వర్డ్ తప్పంది. మూడుసార్లూ అదే మాట.

"ఇగ రీసెట్ కొట్టుడే," అంటూ గుండుసూది తీసుకుని రూటర్ వెనకాల చిల్లు వెతికాడు.

"జర ఆగున్రి సార్."

తలుపు దగ్గర యాభై దాటిన మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, జేబులో ఎర్ర పెన్ను. ఇందాకటి నుంచీ రిసెప్షన్‌లో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఎవరో పిల్ల తండ్రి అయి ఉంటాడు.

"అంకుల్, పేరెంట్స్ బయట కూసోవాలె."

"పోత సార్. రీసెట్ కొడితే అండ్ల ఉన్న సెట్టింగులన్ని తుడిచిపెట్టుకపోతయి. మళ్ల ఎక్కియ్యాలంటే పూటంత పడతది."

ప్రణీత్ చెయ్యి ఆగింది.

"పాస్‌వర్డ్ తీసుకుంటలేదు. మరేం జెయ్యాలె?"

"గేటు కాడ పిల్లలందరి వేలిముద్ర చూసినంకనే ఇడుస్తున్నరు గదా. గా మిషన్‌ది గూడ ఒక్కపారి చూడున్రి. రూటర్ అడుగున చిట్టి ఏమన్న ఉన్నదా?"

ఉంది. ఎర్ర సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసిన రూటర్ వేలిముద్ర.

ఆ చిట్టీని చూసినప్పుడల్లా తనకంటే ముందు పనిచేసినాయన చాదస్తమని ప్రణీత్ నవ్వుకునేవాడు. 'ఆయన ప్రతిదీ రెండుపార్లు చూసేటోడు, అందుకే తీసేసినం. నువ్వు ఫాస్ట్‌గుండాలె' అని చేరిన రోజే మేనేజర్ జనార్ధన్ చెప్పాడు మరి!

ఆ మనిషి చిట్టీ మీద వేలుపెట్టి ఒక్కో అక్షరం చదివాడు. ప్రణీత్ తెర మీద చూశాడు.

రెండో అక్షరానికే తేడా కొట్టింది.

"అంటే, తెర మీద వచ్చింది మన రూటర్ కాదా?"

"కాదు సార్. ఈ రూటర్ నెట్ అడ్రస్ పెట్టుకొని ఇంకేదో మిషన్ కూసున్నది. కొత్తగ ఏమన్న పెట్టిచ్చిన్రా?"

నిన్న కెమెరాల వాళ్లు గోడకి ఒక తెల్ల డబ్బా బిగించి పోయారు. ప్రణీత్ ఒక్క ఉరుకున పోయి దాని వైరు పీకేశాడు.

మళ్లీ మొదటి నుంచి కమాండ్ కొట్టాడు. ఈసారి చివరి అక్షరం దాకా పోల్చుకున్నాకే 'ఎస్' అన్నాడు. పాస్‌వర్డ్ ఒక్కసారికే తీసుకుంది.

హాల్లో కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటే లేచాయి. తొమ్మిదికి ఇంకా ఆరు నిమిషాలుంది.

ఎంత పనిమంతుడు! అంత తెలిసీ ఎంత అణకువ! ప్రణీత్‌కి ఆయన కాళ్లకి మొక్కాలనిపించింది. తిరిగి చూస్తే తలుపు దగ్గర ఎవరూ లేరు.

రిసెప్షన్‌లోకి పరుగెత్తాడు.

"సౌజన్యా, ఇందాకటి అంకుల్ ఏడి?"

"జనార్ధన్ సార్ మీటింగ్‌ల ఉన్నడు, ఇయ్యాల గాదని చెప్పిన. మళ్లొస్తనని పోయిండు."

మెట్లు దిగి సందు చివరిదాకా చూశాడు. మెట్రో దిగిన జనంలో ఆయన కనబడలేదు.

"ఎవరి ఫాదర్? పేరేంది?"

సౌజన్య విజిటర్ల రిజిస్టర్ ముందుకు తోసింది.

ఆఖరి వరసలో ఎర్ర సిరాతో అవే ముత్యాల్లాంటి అక్షరాలు: 'లింగస్వామి. వచ్చిన పని: ఇక్కడ పదకొండేళ్లు చేసిన ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం, నాలుగోసారి.'