అక్కమ్మకు నీడ

"తలకు గుడ్డన్నా కట్టుకోప్పా! నీడంతా మట్టికి పెట్టి నువ్వు ఎండలో కూచుంటే ఎట్లా?"

హనుమంతరాయుడు మజ్జిగ చెంబు కింద పెట్టి అరిచాడు. తిప్పేస్వామి కదల్లేదు. చేని పక్కన బయల్లో నాలుగు కట్టెలు పాతి, వాటి మీద కంబళి పరిచి, ఒక మట్టిదిబ్బకు నీడ పట్టాడు. చుట్టూ ముళ్ళకంప వేశాడు. తాను మాత్రం కంప బయట, కాలే బండ మీద కూర్చున్నాడు.

"అక్కమ్మకు ఎండ పడదన్నా. తెల్లమచ్చల మీద ఎండ తగిల్తే బొబ్బలొస్తాయి."

"చచ్చినోళ్ళకు బొబ్బలేందప్పా!"

అక్కమ్మ తిప్పేస్వామి పెండ్లాం. ఒళ్ళంతా బొల్లి. ఉగాది దాటాక ఒకరోజు తిప్పేస్వామి ఊళ్ళోకి వచ్చి, ఆమె చేనికాడ వడదెబ్బకు పడిపోయి ప్రాణం విడిచిందని చెప్పాడు. అప్పటికే ఒక్కడే గుంత తవ్వి, పూడ్చి, పైన రాళ్ళు పేర్చేశాడు. ఒక్కమాట పిలవకూడదా అని అడిగినవాళ్ళను, "బొల్లిదాని శవం మోసేకి మీలో ఎవురొస్తురు?" అని ఎదురడిగాడు.

ఇది ఎమర్జెన్సీ పోయిన మరుసటేటి మాట. రోహిణి కార్తె దాటి మృగశిర వచ్చినా ఆకాశంలో మబ్బుతునక లేదు. శింగనమల చెరువులో బురద కూడా ఎండి పగిలింది. విత్తనానికి దాచిన శనక్కాయలు ఇండ్లలోనే పురుగు పడుతున్నాయి. ఊరు ఊరికే ఉంటుందా, కారణం వెతుక్కుంది. బొల్లి ఉన్నవాళ్ళను కాల్చాలట, పూడిస్తే ఆ నేల మీద వాన పడదట. తాతల నాటి మాట. శవాన్ని తవ్వి తీసి కాల్చాల్సిందేనని పెద్దలు తీర్మానించారు. అది విన్న రోజే తిప్పేస్వామి గొర్రెల్ని తమ్ముడికి తోలిచ్చి, ఇక్కడికొచ్చి మకాం వేశాడు.

"ఈ పొద్దే వస్తాండారు," హనుమంతరాయుడు గొంతు తగ్గించాడు. "శ్రీరంగప్ప గడ్డపారలు తెప్పిచ్చినాడు. నా మాట ఇను. తవ్వుకోనీ. ఎముకలే గదా! ఊరికీ నెమ్మది, నీకూ నెమ్మది."

"తవ్వనీను."

"పాములు తిరిగే చోటు. తేలు కుట్టినా నోట్లో నీళ్ళు పోసే దిక్కుండాదా నీకు? ఈ ఎండకు వడదెబ్బ కొడితే?"

"ఉల్లిగడ్డ మొలకు కట్టుకున్యా."

"అది అక్కమ్మకు కట్టింటే బతికుండు గదప్పా!"

తిప్పేస్వామి తల దించుకున్నాడు. అన్న మాట హనుమంతరాయుడికే గుచ్చుకుంది. చెంబు అతని చేతిలో పెట్టి, తాగేదాకా పక్కనే కూర్చున్నాడు.

ఊళ్ళో తిప్పేస్వామితో మాట్లాడే మనిషి ఇతనొక్కడే. మిగతా పగలంతా నరపురుగు కనిపించదు. కరువు పనిలో రాళ్ళు కొట్టే చప్పుడు మాత్రం ఎక్కడినుంచో వినిపిస్తుంది. మాట లేక నోరు పాచిపట్టినట్టుంది అతనికి. రాప్తాడు బస్సు దుమ్ము లేపుకుంటూ పోతే లేచి నిలబడి, ఆ దుమ్ము అణిగేదాకా చూస్తాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి జనం వచ్చారు. ముందు ఊరిపెద్ద శ్రీరంగప్ప, వెనక గడ్డపారలతో మగవాళ్ళు, కొంగు నెత్తిన కప్పుకుని ఆడవాళ్ళు.

"లెయ్యి తిప్పేస్వామీ. నీ మీద మాకేమన్నా పగనా?" అన్నాడు శ్రీరంగప్ప. "బిడ్డాపాపా గంజికి ఏడుస్తాండారు. ఒక్క శవం కోసం ఊరంతా సావాల్నా?"

తిప్పేస్వామి కంప తొక్కుకుంటూ పోయి దిబ్బ మీద బోర్లా పడ్డాడు. కాళ్ళల్లో ముళ్ళు దిగి నెత్తురు కారింది.

"నన్ను చంపి, ఆపైన తవ్వుకోండి! నేను బతికుండగా ఒక్క రాయి కదలనీను!"

"అబ్బో, ఇప్పుడు పుట్టుకొచ్చిందే ప్రేమ!" పక్కింటి సుంకమ్మ ముందుకు తోసుకొచ్చింది. "చచ్చినోళ్ళ కండ్లు చారెడంట! మచ్చలొచ్చినప్పటి నుంచీ ఆయమ్మకు వేరే గిన్నె, వేరే చాప. మిట్టమధ్యాన్నం వాకిట్లో కూచుని ముద్ద తింటాంటే, నీడలోకి రమ్మని నువ్వన్యావా? నేనన్యానా? ఈ ఊర్లో ఎవురన్నా అన్యారా?"

తిప్పేస్వామి మట్టిలో ముఖం పెట్టి ఏడ్చాడు. గుండెలు పగిలేలా, నిజంగానే ఏడ్చాడు.

"తప్పయిపోయె అక్కమ్మా... తప్పయిపోయె..."

సుంకమ్మకూ కన్నీళ్ళు ఆగలేదు. గిరుక్కున తిరిగి గడ్డపారలకు అడ్డం నిలబడింది.

"బతికినన్నాళ్ళూ ఎండలో పెడ్తిమి. ఇప్పుడన్నా నీడన పండుకోనీండి. తవ్వేదుంటే నన్ను దాటి తవ్వండి!"

శ్రీరంగప్ప గడ్డపారలు దించమని సైగ చేశాడు. "వాన రాసిపెట్టింటే వస్తాది, లేకుంటే లేదు. పదండప్పా ఇంటికి," అని వెనుదిరిగాడు. జనం ఆయన వెంట నడిచారు. పోతూ పోతూ ఆడవాళ్ళు వెనక్కి చూసి, "మొగుడంటే ఇట్లుండాల. పెట్టి పుట్టిందమ్మా అక్కమ్మ!" అనుకున్నారు.

హనుమంతరాయుడు ఉండిపోయి స్నేహితుడి కాళ్ళ ముళ్ళు పీకాడు, తలకు తడిగుడ్డ చుట్టాడు.

"ఇంగ ఎవురూ రారు. ఇంటికి పోదాం రా."

"ఇంట్లో ఎవురుండారన్నా, వచ్చేకి?"

హనుమంతరాయుడు ఖాళీ చెంబు తీసుకుని, కండ్లు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తిప్పేస్వామి దిబ్బ చుట్టూ తిరిగాడు. రాళ్ళన్నీ పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఇక ఎవరూ తవ్వరన్న ధైర్యం వచ్చాక, మళ్ళీ ఎండలోనే కూలబడ్డాడు.

అక్కమ్మ చచ్చిపోలేదు, అతన్ని వదిలిపెట్టి వెళ్ళిపోయింది.