థూరా ఇస్త్రీపెట్టె

ఇస్త్రీపెట్టె ఆగడం లేదు.

వంటింటి బల్ల దగ్గర కూర్చున్న ఐనార్ దాని వైపే చూస్తున్నాడు. టేపులో మోగుతున్నది అతని శాక్సఫోనే. ఎదురుగా థూరా మాత్రం వంచిన తల ఎత్తకుండా భర్త చొక్కా మీద పెట్టె తోసుకుంటూ పోతోంది.

కోపెన్‌హేగన్‌లో జాజ్ వాయించే వాళ్ళందరికీ ఈ వంటిల్లు తెలుసు. లాంటర్నే రికార్డ్స్‌కి ఆఫీసు ఇదే. రికార్డుల అట్టలు స్నానాల తొట్టెలో పేర్చి ఉంటాయి. కంపెనీ పెట్టింది హోల్గర్, తీర్పు మాత్రం అతని భార్య థూరాది. ఆమె ఇస్త్రీ చేస్తూ వింటుంది. సంగీతంలో పడి చెయ్యి ఆగిపోయి చొక్కా కాలిందా, ఆ టేపు రికార్డుగా బయటికొచ్చినట్టే. పెద్ద పెద్ద కంపెనీలు వద్దన్న వాళ్ళు కూడా ఆ కాలిన చొక్కాల పుణ్యమా అని యూరప్ అంతా పేరు తెచ్చుకున్నారు. వీపు మీద మచ్చ లేని చొక్కా దొరక్క హోల్గర్ ఎండాకాలంలోనూ కోటు విప్పడు. చెవి అంటే అలా ఉండాలి!

"కాఫీ తాగవయ్యా, చల్లారిపోతోంది," అన్నాడు హోల్గర్.

"ఆవిడ వింటున్నారంటారా?" ఐనార్ గొంతు తగ్గించి అడిగాడు.

"వినకేం! మొన్న ఒక పియానో టేపు పెట్టామా, క్షణంలో పొగ. చెయ్యి ఆగిందంటే చాలు, నేను టేపు కట్టేస్తాను. లేకపోతే కొంప తగలబడదూ!"

ఐనార్‌కి నవ్వు రాలేదు. మిగతా కంపెనీలన్నీ అతన్ని గుమ్మంలోంచే పంపేశాయి. ఇక్కడా కాదంటే శాక్సఫోన్ అమ్మేసి ఆల్‌బోర్గ్ సిమెంటు ఫ్యాక్టరీలో చేరడమే. బావ అప్పుడే మాట్లాడి పెట్టాడు కూడా.

టేపు చివరిదాకా తిరిగి, కొస టపటపా కొట్టుకుంది. థూరా చొక్కా పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగింది.

హోల్గర్ లేచి ఐనార్ భుజం తట్టాడు. "ఏమనుకోకు. నాకైతే బాగానే ఉంది. కానీ మా ఇంటి పద్ధతి నీకు తెలుసుగా."

"తెలుసండీ." ఐనార్ టోపీ తీసుకుని, మొహం కనబడకుండా తలుపు వైపు నడిచాడు.

"పాపం, ఒక్కసారైనా చెయ్యి ఆగకూడదూ!" అని సణుక్కుంటూ హోల్గర్ చొక్కా అందుకున్నాడు. ముడతలన్నీ అలాగే ఉన్నాయి. అనుమానంగా పెట్టెను ముట్టుకున్నాడు. చల్లగా ఉంది.

"ఇదేంటి థూరా, ప్లగ్గు పీకేసి ఉంది?"

థూరా చటుక్కున ఇటు తిరిగింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"అతన్ని ఆపు ముందు! మొదలవగానే నేనే పీకేశాను. నా చెయ్యి ఆగితే నువ్వు టేపు కట్టేస్తావుగా, అందుకే చల్లటి పెట్టెనే ఊరికే తోస్తూ ఉన్నాను. దీన్ని మాత్రం చివరిదాకా వినాలనిపించింది."