ఉప్పూ బొగ్గులూ

ఆటల అంగడి వెనక గోడవారన ఎవరో నీళ్ళు పోస్తున్నారని మొదట చూసింది తులసమ్మే.

"ఎవరయ్యా అది?" అని గట్టిగా అడిగింది.

ఆయన ఉలిక్కిపడి డబ్బా దించాడు. మాసిన పంచె, నెరిసిన గడ్డం, చంకలో గుడ్డసంచి. గబగబా బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

అది ఎనభై ఎనిమిది, మే నెల. ఆదోనిలో కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే కాలం. తాగడానికే నీళ్ళు లేక జనం అల్లాడిపోతుంటే, తెచ్చి తెచ్చి మట్టిలో పోసే మనిషిని ఏమనుకోవాలి?

"పిచ్చోడేమోలే," అన్నాడు ఆమె భర్త దామోదరం.

దామోదరం పత్తి వ్యాపారం మానుకుని, మూతబడిన పిండిమిషను గదిని కొని, బొంబాయి నుంచి రెండు వీడియో గేముల పెట్టెలు తెప్పించాడు. అబ్బో, ఆ సంబరం ఏమని చెప్పేది! పసుపుపచ్చ గుండు ఒకటి నోరు తెరుచుకుని చుక్కలు మింగుతూ పరిగెత్తేది. వెనక దయ్యాలు తరిమేవి. మిల్లు కూలీలు, కాలేజీ పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎగబడేవాళ్ళు.

వాళ్ళందరినీ మించిన మొనగత్తె దామోదరం కూతురు ఉమ. పదేళ్ళది. లేకలేక పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ. బడి సెలవులు కదా, మునివేళ్ళ మీద నిలబడి పొద్దస్తమానం ఆ పెట్టె దగ్గరే.

గడ్డమాయన రోజూ వస్తున్నాడు. ఎమ్మిగనూరు బస్సు దిగి నేరుగా అంగట్లోకే. ఆడడు. ఉమ ఆడుతుంటే చూస్తాడు. పెట్టె ఇనుప పక్కకు వేళ్ళ వెనకవైపు ఒక్క క్షణం ఆనించి తీసేస్తాడు. తర్వాత గోడ వెనక్కి పోతాడు.

ఒకనాడు సంచిలోంచి రబ్బరు చెప్పులు తీసి ఉమకిచ్చాడు.

"ఇవి ఏసుకుని ఆడు పాపా."

తులసమ్మ వాటిని లాక్కుని చెత్తకుప్పలో విసిరేసింది.

"ముక్కూ మొగం తెలీనోడు ఆడపిల్లకు సెప్పులిచ్చేదేంది?"

ఆ మర్నాడే పక్క సైకిలు షాపు దేవేంద్రప్ప పరిగెత్తుకొచ్చాడు.

"దామోదరన్నా, వాడు వట్టి నీళ్ళు పోయడం లేదు. ఉప్పు, బొగ్గులు గుంతలో ఏసి పూడుస్తాండాడు!"

ఉప్పూ బొగ్గులూ పూడ్చేది ఎందుకో ఆ వీధిలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. చేతబడి.

దామోదరం గోడ వెనక్కి వెళ్ళి ఆయన రెక్క పట్టుకున్నాడు.

"ఏం పెట్నావురా ఈడ?"

"ఈ నేల ఎండకూడదప్పా. ఎండితే పాపకు మంచిది కాదు."

"నా బిడ్డనే అంటావురా!"

దామోదరం చెంప పగలగొట్టాడు. దేవేంద్రప్ప సైకిలు పంపు అందుకున్నాడు. "ఎర్తప్పా, అది ఎర్తు" అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. ఆ మాటేమిటో అక్కడున్న వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు. మోకాలు విరిగేదాకా కొట్టి బస్సులో పడేశారు.

తులసమ్మ అంతటితో ఊరుకుంటుందా? మంత్రగాణ్ణి పిలిపించింది. అతను గుంత తవ్వించి, ఉప్పూ బొగ్గులూ ఎత్తించి ఊరి బయట పారబోయించాడు. అడుగున ఇనుప పలక, దానికి బిగించిన తీగ బయటపడ్డాయి.

"సూస్తిరా, ఎట్లా కట్టు కట్టినాడో," అని ఆ తీగ తెంపించాడు.

శుక్రవారం అంగడంతా పసుపునీళ్ళతో కడిగి గుమ్మానికి నిమ్మకాయలు కట్టారు. పీడ విరగడైందని అందరి మనసూ తేలికపడింది.

"నాయనా, ఆడుకుందునా?"

"ఆడుకోమ్మా. ఇంగ బయం లేదు."

తలంటుకున్న తడి జుట్టుతో, వట్టి కాళ్ళతో ఆ తడి నేల మీద నిలబడి ఉమ పెట్టెను పట్టుకుంది.

కేక కూడా వేయలేదు ఆ పిల్ల.

కరెంటు లైన్‌మ్యాన్ వచ్చి తవ్విన గుంత చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"పిండిమిషను నాటి ఎర్తు గుంత గదన్నా ఇది! పెట్టెలో కరెంటు లీకైతే ఈ తీగ మీదనే బూమిలోకి పోతుంది. ఉప్పు, బొగ్గు ఏసి ఎండాకాలమంతా నీళ్ళు పోస్తాండాల. ఎవరో మారాజు పోసినాడు కాబట్టి ఇన్నాళ్ళు ఎవరికీ ఏమీ కాలేదు."

దామోదరం ఆ మాటకు గోడకు తల బాదుకున్నాడు.

కర్మలు కాగానే ఎమ్మిగనూరు బస్సెక్కాడు. ఆ గడ్డమాయన కాళ్ళ మీద పడాలి, ఎన్ని తిట్టినా పడాలి, అంతే. కండక్టరు చెప్పిన గుర్తులు పట్టుకుని వెళితే నేసేవాళ్ళ వీధిలో ఇల్లు దొరికింది. పేరు తిమ్మయ్యట.

తిమ్మయ్య కాలికి కట్టుతో మంచంలో ఉన్నాడు. దామోదరాన్ని చూసి మోచేతి మీద లేచాడు.

"పాప బాగుండాదా అప్పా?"

దామోదరం గడప పట్టుకుని కూలబడిపోయాడు.

తిమ్మయ్యకు అర్థమైంది. మెల్లగా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భార్య ఉరుకుందమ్మ దామోదరాన్ని లేపి బయటి అరుగు మీద కూర్చోబెట్టింది, చెంబుతో నీళ్ళిచ్చింది.

"పాపాత్ముణ్ణమ్మా," అన్నాడు దామోదరం ఏడుస్తూ. "ఆయప్ప కరెంటు పనోడని తెలిసుంటే చెప్పిన మాట వినుంటినే!"



"కరెంటు పని యాడిదప్పా," అంది ఉరుకుందమ్మ. "రెండేండ్ల కింద మగ్గం అమ్ముకుని, ఈ వీధిలోనే నీ మాదిరి ఆటల అంగడి పెట్టి, ఆ పెట్టె పట్టుకునే మా ఒక్క కొడుకు పోతే, ఎర్తంటే ఏందో అప్పుడు తెలుసుకున్నోడు."