ముందు నాకియ్యి

విరిగిన ఇనుప ముక్కలు రెండూ లేత్ మిషన్ పక్కనున్న బల్ల మీద ఠపీమని పడ్డాయి.

హరిత తలెత్తి చూసింది. వారం కిందట తన చేత్తో చేసిచ్చిన సైకిల్ క్రాంకే అది. పెడల్‌ని ఇరుసుకు కలిపే కాడ.

"నిలబడల్యా," అన్నాడు తెచ్చిన మనిషి.

యాభై దాటి ఉంటాయి. మోచెయ్యి చెక్కుకుపోయి, దాని మీద పసుపు అద్ది ఉంది.

"ఎట్ల ఇరిగిందప్పా?"

"ఇరిగేది ఇరుగుతాది. ఇరగంది చెయ్యి."

హరితకు ఒళ్ళు మండింది.

అది 2007 ఎండాకాలం. కర్నూలు పక్కన కల్లూరులో తండ్రి పెట్టిన లేత్ షెడ్డును, పాలిటెక్నిక్ చదివి ఆమే నడుపుతోంది. తమ్ముడు అజయ్‌కి సైకిల్ పిచ్చి. తొక్కే పిచ్చి కాదు, ఎగిరించే పిచ్చి. కాలు కింద పెట్టకుండా బండ మీంచి బండ మీదికి సైకిల్‌తో దూకాలి. ఆ ఆటను ట్రయల్స్ అంటారట. వచ్చే నెల బెంగళూరులో పోటీ ఉంది.

అందుకు పనికొచ్చే సైకిల్ కర్నూలులో దొరకదన్నారు. దొరక్కపోతే మనమే చేద్దామంది హరిత. ఇంట్లో ఉన్న సైకిల్‌కే సీటు పీకేసింది. బ్రేకు జారకుండా చక్రం అంచుల్ని గ్రైండర్‌తో గరుకు చేసింది. చైనుకు రాయి తగలకుండా అడుగున మందపాటి రేకు బిగించింది. కూర్చోడానికి చోటు లేనిది ఏం సైకిలని వీధి వీధంతా నవ్వింది. నవ్వుకోండి పొమ్మంది.

చిక్కంతా ఆ కాడతోనే. దూకి దిగినప్పుడు మనిషి బరువంతా దాని మీదే పడుతుంది. అది విరిగిందంటే అజయ్ మొహం రాళ్ళపాలే.

సరిగ్గా ఆ కాడ కోసమే మొదటిసారి వచ్చాడీ మనిషి. ఊరి పక్క కొండ జగన్నాథగట్టు మీద అజయ్ దూకుతుంటే చూశాడట. అతని సైకిల్‌కి చేయబోయే కాడలాంటిదే తనకూ కావాలన్నాడు. తమ్ముడికి చేశాక చేస్తానంటే ఒప్పుకోలేదు.

"తమ్మునికి తర్వాత. ముందు నాకియ్యి."

పేరడిగితే నవ్వేసి ఊరుకున్నాడు. ఏం పొగరో అనుకుంది హరిత.

ఆయన వెళ్ళాక ముక్కల్ని వెలుతురులో పెట్టి చూసింది. అతుకు దగ్గర విరిగింది. అయితే అతుకే వద్దనుకుంది. పాత లారీ యాక్సిల్‌ని కోసి, ఒకే ముక్కలో కాడ చేసింది. ఆయనొచ్చి పట్టుకుపోయాడు.

కొద్ది రోజులకే అదీ రెండు ముక్కలై బల్ల మీద పడింది. ఈసారి ఆయన నుదుటికి కట్టుంది.

అజయ్ మండిపడ్డాడు. సుత్తితో కొట్టి విరుస్తున్నాడన్నాడు. ఆ దెబ్బలన్నీ తాగి పడినవేనన్నాడు. గిట్టనివాళ్ళెవరో పంపుంటారు, గడప తొక్కనివ్వొద్దన్నాడు.

"రానీరా," అంది హరిత. "ఆయప్ప ఇరగ్గొడ్తాండాడు, నేను చేస్తాండా. ఎవురు అలిసిపోతారో చూస్తాం."

రెండోది ఇరుసు దూరే రంధ్రం పక్కన, పదునైన మూలలో విరిగింది. ఈసారి ఆ మూలను గుండ్రంగా తీసింది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచింది. పెళుసు పోవడానికి మళ్ళీ సన్నసెగ చూపింది. చేతులు బొబ్బలెక్కాయి.

"ఇరగ్గొట్టుకోని రాప్పా, చూస్తా," అని ఆయన చేతిలో పెట్టింది.

"చూస్తాం పాపా," అన్నాడాయన. ఆ ముఖంలో సంతోషం చూసి ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

వారమైంది. ఆయన రాలేదు. పోటీ దగ్గరపడినా రాలేదు. ఓడిపోయి మొహం చాటేశాడని తేల్చుకుంది హరిత. అచ్చం అలాంటి కాడే ఇంకొకటి చేసి, అజయ్ సైకిల్‌కి ధైర్యంగా బిగించింది.

బెంగళూరులో అన్నీ విదేశీ సైకిళ్ళు. కల్లూరు సైకిల్‌ని చూసి అక్కడా నవ్వారు. అజయ్ ఛాతీ ఎత్తు బండ మీంచి దూకాడు. హరిత కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి తమ్ముడు సైకిల్ మీదే ఉన్నాడు. నవ్వినవాళ్ళే చప్పట్లు కొట్టారు. రెండో బహుమతి వచ్చింది.

ఆ కప్పు తీసుకుని నేరుగా గట్టు కిందికి పోయింది హరిత. దాన్ని ఆ మనిషి కళ్ళ ముందు పెట్టి తీరాలి. ఆనవాళ్ళు చెబితే, సైకిల్ ఓబుళేశా అంటూ ఒక రేకుల ఇల్లు చూపించారు.

"ఏమప్పా, ఇరిగిందా?" అని వాకిట్లోంచే అడిగింది.

చంకలో కర్ర పెట్టుకుని ఒక అమ్మాయి బయటికొచ్చింది. ఎడమకాలు నేలకానడం లేదు. ఓబుళేశు కూతురట, శివాని. ఆ మాటతోనే హరితను పోల్చుకుని, లోపలికి పోయి ఆ కాడ తెచ్చిచ్చింది. దాని మీద చిన్న గీత కూడా లేదు.

"ఇది ఇరగల్యాక్కా. గట్టు మింద దూకి దిగేటప్పుడు నాయన మోకాళ్ళే నిలబడల్యా. తలకు బండ తగిలె. ఆస్పత్రిలో రెండు దినాలుండి సచ్చిపాయ."

హరిత చేతిలోని కాడను తిప్పి చూసింది.

"ఇది నిలబడింది, ఇంగ పిల్లోన్ని దూకనీమను అని నీకు చెప్పమన్యాడు. ఈ కాలుతో అంత దూరం రాలేకపోతి."

హరితకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది. కప్పును కొంగు చాటుకు లాక్కుంది.

"ఆ వయసులో ఏమిటికి దూకినాడమ్మా?"

శివాని కర్ర మీదికి ఒరిగింది.

"ఊరూరా సైకిల్ ఆటలాడేటోడక్కా మా నాయన, చిన్నప్పుడు నన్ను భుజాల మింద నిలబెట్టుకోని తొక్కుతాంటే ఈ కాడే ఇరిగి నేను పడితిని, అప్పట్నుంచి ఎవురి బిడ్డ సైకిలెక్కి ఎగుర్తాన్నా ముందు తాను ఎగిరి చూస్తే గాని ఊరుకునేటోడు కాదు."