గుర్రుమన్న గాలిమర

టాస్మేనియా అంతా గాలించినా మెర్విన్ అంత గట్టిగా పగపట్టేవాడు దొరకడు. పోయినేడు ఊరి ప్రదర్శనలో ఆయన చేసిన, మోటారుతో తిరిగే బొమ్మ గాలిమర తిరగకుండా గుర్రుమంటే ఊరంతా నవ్వింది. అంతకుముందు దాని మీద చెయ్యి వేసింది పాత నేస్తం క్లారీ ఒక్కడే.

ఈ ఏడు ప్రదర్శన రోజు పొద్దున్నే మెర్విన్ ఊరి ముసలాళ్లు చేరి బొమ్మలు చేసుకునే పనిషెడ్డులోకి దూరాడు. క్లారీ గాలిమరలో, కంట్రోలర్ బోర్డు నుంచి రెక్కల్ని తిప్పే స్టెప్పర్ మోటారుకు పోయే వైర్లలో రెండింటిని ఊడదీసి తారుమారు చేశాడు. అవి మారితే మోటారు తిరగదు, వణుకుతూ గుర్రుమంటుంది.

"ఇప్పుడు నువ్వు గుర్రుమను చూద్దాం!" అన్నాడు గాలిమరతో.

అంతలో క్లారీ వచ్చి టీకి నీళ్లు పెట్టి, గాలిమర స్విచ్చి వేశాడు. అది నూనెలో తేలినట్టు తిరిగింది.

క్లారీ మెర్విన్ చేతిలోని స్క్రూడ్రైవర్ చూశాడు. "నిన్నంతా వణకడమే గాని కదల్లేదురా ఇది! వైర్లు తప్పు కలిపానా? నువ్వొచ్చి సరిచేశావా?"

గొంతు తగ్గించాడు. "పోయినేడు నీది కాస్త వణుకుతుంటే నేనూ సరిచేద్దామనే వైర్లు మార్చాను. మొత్తానికే చెడింది. చెప్పడానికి మొహం చెల్లలేదురా."

"నాకు తెలుసులేరా," అని నవ్వాడు మెర్విన్.

టాస్మేనియాలోకెల్లా గట్టి పగ టీ నీళ్లు మరిగేలోపే చల్లారిపోయింది.

ఆ నవ్వూ ఆ మాటా మాత్రం నేను కల్పించినవే. నిజానికి మెర్విన్ స్క్రూడ్రైవర్ జేబులో దాచుకుని, మొదటి కప్పు టీ క్లారీ ముందు పెట్టాడు.