కొస దాకా విప్పని పటం

"చెయ్యి దించు బిడ్డా!"

పక్క కుర్చీలో ముసలాయన రవికాంత్ మోచెయ్యి పట్టి కిందికి లాగాడు.

రవికాంత్‌కి ఒళ్లు మండిపోయింది. పాతవస్తువుల పిచ్చి పట్టి ఇంకా మూడు నెలలు కాలేదు. పంజగుట్టలో ఈ వేలానికి రావడం ఇదే మొదలు. అమీర్‌పేటలో రోజుకి మూడు బ్యాచ్‌లకి జావా చెప్పి గొంతు పోగొట్టుకుని, ఫ్లాటు అడ్వాన్సుకని దాచిన డబ్బు పట్టుకొచ్చాడు మహానుభావుడు. భార్య మంజూషకి చెప్పనేలేదు.

వేదిక మీద రెండొందల ఏళ్లనాటి పటం. పొడవాటి గుడ్డ మీద కథంతా బొమ్మలుగా గీసి, చాపలా చుట్టి ఉంది. మొదటి రెండు మూరలు మాత్రం విప్పి చూపిస్తున్నారు.

"అరవై వేలు!" వెనక వరసలోంచి ఎవరో.

"డెబ్భై!" అన్నాడు రవికాంత్.

"కొస దాక ఇప్పి చూపియ్యమను," ముసలాయన చెవిలో గొణిగాడు. "చూడకుంట ఎట్ల కొంటవ్?"

"ఏంటండీ మీ గొడవ? విప్పితే చిరుగుతుంది. పాతది!"

కళ్లజోడు కాడకి ఎర్రదారం చుట్టుకున్న ఈ మనిషికి పటాల సంగతి ఏం తెలుసు? వెనకాయన మనిషే అయ్యుంటాడు. నన్ను ఆపితే ఆయనకి చవగ్గా దక్కుతుంది. అమ్మో, ఎంత తెలివి!

"ఎనభై!" వెనక నుంచి.

"తొంభై!" రవికాంత్ మళ్లీ చెయ్యెత్తాడు.

"తొంభై వేలు ఒకటోసారి..."

ముసలాయన లేచి నిలబడ్డాడు. "అయ్యా, జర ఆగుండ్రి! గా పటం మొత్తం ఇప్పుండ్రి!"

హాలంతా ఇటు తిరిగింది. పాట చెడిపోతుందేమోనని రవికాంత్‌ కూడా లేచాడు.

"ఈయన నన్ను పాడనివ్వట్లేదండీ. బయటికి పంపించండి!"

వాచ్‌మన్ వచ్చి రెక్క పట్టుకున్నాడు. ముసలాయన పెనుగులాడలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు.

"ఇంటికి పోయినంకనన్నా కొస దాక చూడు బిడ్డా," అని వెళ్లిపోయాడు.

"మూడోసారి!"

పటం రవికాంత్‌దైంది.

సాయంత్రం ఇంట్లో సంగతంతా విన్న మంజూష పటం ఒక కొస పట్టుకుంది. అతను విప్పుకుంటూ పోయాడు. పటం హాలు దాటి వంటగది గుమ్మం దాకా వచ్చింది. ఎంత చక్కని బొమ్మలో! మంజూష కోపం కూడా సగం తగ్గింది.

బొమ్మలు చూసుకుంటూ చివరిదాకా వచ్చి, వంగి చూసి అడిగింది.

"ఏవండీ, రెండొందల ఏళ్ల కిందట చేతివాచీలు ఉండేవా?"

రవికాంత్ గబగబా వంగి చూశాడు.

చివరి బొమ్మలో, ఎడమచేతికి వాచీ, కుడిచేతిలో కుంచె, ముక్కు మీద ఎర్రదారం చుట్టిన కళ్లజోడుతో కూర్చుని, ఆ ముసలాయనే అతని వంక చూస్తున్నాడు.