మామ్మ బడి మానేసింది

“పేరు కొట్టేయించుకుని వెళ్లిపోయింది. నన్నేం చెయ్యమంటారు?” అన్నారు వైస్ ప్రిన్సిపాల్ హాంగ్ గారు, తల కూడా ఎత్తకుండా బార్లీ టీ తాగుతూ.

ఓర్లా ఐర్లాండు నుంచి వచ్చి కొరియాలో హేనామ్‌ దగ్గర ఈ పల్లె బడిలో ఇంగ్లీషు చెప్పబట్టి రెండేళ్లయింది. పిల్లలు చాలక ఊళ్లోని ముసలమ్మలను కూడా చేర్చుకున్న బడి అది. మూడో తరగతిలో తొమ్మిదేళ్ల పిల్లల మధ్య కూర్చునే ఓక్‌బున్ మామ్మంటే ఆమెకు ప్రాణం. వెల్లుల్లి పొలంలో ఎంత పనున్నా మామ్మ పాఠం తప్పేది కాదు. మనవరాలి వయసున్న టీచరుకి రోజూ నడుం వంచి దండం పెట్టేది. వద్దని ఎంత వారించినా, చదువు చెప్పేవాళ్లకు వయసేమిటనేది. ఓర్లా తన దేశంలో ఇలాంటి మాట ఎన్నడూ వినలేదు.

నిరుడు గురువుల రోజున మామ్మ బియ్యపు రొట్టెలు చేసుకొచ్చింది. హాంగ్ గారు అడ్డం పడ్డారు. రిజిస్టరులో పేరున్నన్నాళ్లూ ఆ విద్యార్థి దగ్గర టీచరు కాఫీ చుక్కైనా పుచ్చుకోకూడదని చట్టమట. అందరూ చూస్తుండగా ఓర్లా పొట్లం తిరిగిచ్చేసింది. మామ్మ ముఖం చిన్నబోయింది.

ఆ అవమానమే మనసులో పెట్టుకుని ఇప్పుడు మానేసిందన్నమాట. ఓర్లాకి మరో కారణం తోచలేదు. పిల్లలను అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నోళ్లు మూసుకున్నారు. మామ్మ పుస్తకాలు ఇంకా డెస్కులోనే ఉన్నాయి.

వారం తిరక్కుండా గురువుల రోజు వచ్చింది. పిల్లలు పాట పాడారు. ఎప్పుడో చదువు ముగించి పట్నాల్లో స్థిరపడ్డవాళ్లు సూట్లలోనే వచ్చి పాత టీచర్ల ముందు సాగిలపడ్డారు. చూస్తుంటే ఓర్లాకి ఒళ్లు పులకరించింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇలాంటి మనుషుల్లో ఒకరి మనసు విరిచాననుకుంది. బడి వదలగానే మామ్మ ఇంటికి నడిచింది.

మామ్మ పండగ బట్టలు కట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఓర్లా బూట్లయినా విప్పకుండా క్షమించమని అడిగింది.

“మళ్లీ బడికి రండి మామ్మా. మీరు లేక ఆ క్లాసు బోసిపోయింది.”

మామ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి బల్ల ముందు కూర్చోబెట్టింది. జిన్‌సెంగ్ వేర్లు, వెల్లుల్లి వేసి ఉడికించిన నాటుకోడి పొగలు కక్కుతోంది. చుట్టూ చిన్న గిన్నెల్లో ఎన్నో కూరలు, పచ్చళ్లు. ఓర్లా చేతులు వెనక్కి తీసుకుంది. నా విద్యార్థి చేతి భోజనం నేనెలా తినను, మళ్లీ మీకు మాట రానివ్వను అంది.

మామ్మ కోడి తొడ విరిచి ఆమె గిన్నెలో వేసింది.

“తినండి టీచరమ్మా, పేరు రేపు మళ్లీ రాయించుకుంటాను.”